మనుమరాలి హోటల్లో నేను సార్‌ని

జగిత్యాల నడిబొడ్డున ఉన్న ఆ పెద్ద హోటల్లో నాకు ఎర్ర తివాచీ పరిచి స్వాగతం చెప్పారని మా సిరిసిల్ల వాడకట్టులో ఇప్పటికే చాలామందికి చెప్పేశాను. ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త దిద్దుకుంటాను. తివాచీ ఎర్రదే. పరిచిన మాటా నిజమే. కాకపోతే అది నా కోసం కాదు. పై హాల్లో ఎవరిదో నిశ్చితార్థం ఉంటే వాళ్ళ కోసం పరిచారు. నేను దాని మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. విప్పమని ఎవరూ అనలేదు. నేసినవాణ్ణి కదా, అంత మెత్తని దాన్ని చెప్పులతో తొక్కడానికి నాకే మనసొప్పలేదు.

ఉన్నదాన్ని కొంచెం సాగదీసి చెప్పడం నా గుణం. మరమగ్గాన్ని మా ఊళ్ళో సాంచె అంటాం. ఆ సాంచెల మీదే నా వయసంతా గడిచింది. దిగిన ప్రతి గుడ్డనూ రెండు చేతుల్తో పట్టి లాగి చూడడం అలవాటైంది. మాటల్ని కూడా అలాగే లాగి చూస్తాను. ఎంతవరకు సాగుతాయో తెలుసుకుందామని. అంతే తప్ప అబద్ధాలాడే మనిషిని కాను.

ఆ హోటల్‌కు నేను సుఖపడడానికి పోలేదు. మా మనుమరాలి ఉద్యోగం ఉండాలో పోవాలో తేల్చడానికి పోయాను.

ఆ పిల్ల మా కొడుకు బిడ్డ. నా బిడ్డను కోరుట్లలో ఇచ్చాం. మనుమరాలు ఆ మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదివింది. చదువు అయిపోగానే జగిత్యాలలో ఉద్యోగం దొరికింది. రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయి వస్తుంది. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. మా ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే. సాంచెల మోతలో చెవికి పెట్టుకుంటే ఏమీ వినపడదు. కాబట్టి ఇంట్లో రహస్యాలు లేవు.

"డాడీ, హోటల్ల జాబ్ వచ్చింది."

"హోటల్లనా?" అన్నాడు మావాడు. "హోటల్ల ఏం జాబ్ బిడ్డా? చాయ్ గిలాసలు కడుగుడా?"

"డాడీ! గది తినే హోటల్ గాదు. ఉండే హోటల్."

"ఉండే హోటలా? లాడ్జి అను మరి."

లాడ్జి అన్న మాట తన నోట్లోంచే వచ్చాక వాడి మొహం ఇంకా నల్లబడింది. ఎందుకంటే మా దగ్గర హోటల్ అంటే చాయ్, మిర్చి బజ్జి, గోడకు ఆనించిన రెండు బల్లలు. లాడ్జి అంటే ఇంట్లో ఆడవాళ్ళ ముందు గట్టిగా అనని మాట. ఈ రెండు మాటల మధ్య నా మనుమరాలు చేసే పనికి మాట అంటూ లేకుండా పోయింది.

వాడకట్టు ఊరుకుంటుందా? నూలు కోసం పోతే ఒకడు, "మీ బిడ్డ హోటల్ల చేస్తున్నదట గదా, మిర్చి మంచిగుంటదా ఆడ?" అన్నాడు. ఇంకొకడు, "జీతంతోని పాటు టిఫిన్ సుత ఇస్తరా?" అన్నాడు. మావాడు కొన్నాళ్ళు మింగాడు. చివరికి ఒకరోజు ఫోన్ దగ్గరికి తీసుకుని, "నెల ఒడువంగనే ఇంటికి రా బిడ్డా. మానేసిన అని చెప్పు ఆడ. ఇంట్ల కూసొని ఏదన్న పరీచ్చకు సదువుకో" అన్నాడు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు.

"డాడీ, ఒక్కసారి వచ్చి చూడు. చూసినంక సుత వద్దంటే వచ్చేస్త."

మావాడికి పోవడానికి తీరిక లేదు. సర్కారు చీరల ఆర్డరు నడుస్తోంది. తీరిక లేదన్నది పైమాట. పోయి చూస్తే ఏం కనపడుతుందోనని లోపల భయం. అందుకని, "బాపు పోయి చూసస్తడు" అన్నాడు.

నా కోడలు గిన్నె తోముతున్నదల్లా ఆగింది. "మామనా? మామ వచ్చి చెప్పేది నమ్ముడెట్ల? మొన్న వేములవాడ పోయి, గుళ్ళె కోడెకు మూడు కొమ్ములున్నయని చెప్పలేదా?"

ఆ కోడె కొమ్ము ఒకటి చీలి ఉంది. చీలితే రెండయినట్టే కదా. రెండూ ఒకటీ మూడు. ఇందులో నా తప్పేముందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మావాడు నా వైపు తిరిగాడు. "బాపు, అయింది అయినట్టు చెప్పాలె. నువ్వు ఒక్క ముచ్చట ఎక్కువ కలిపినట్టు నాకు అనుమానమొచ్చినా సరే, బండేసుకొని పోయి బిడ్డను తోలుకొస్త. తర్వాత నన్ననద్దు."

ఇంతకుముందు నా మాట మీద ఏదీ ఆధారపడి లేదు. అందుకే హాయిగా సాగదీసుకుంటూ బతికాను. ఇప్పుడు ఆ పిల్ల ఉద్యోగం తెచ్చి నా నాలుక మీద పెట్టారు.

ఎవరికీ తెలియకుండా, మామూలు గిరాకీలా పోవాలన్నది నా ఆలోచనే. తాతనని తెలిస్తే అందరూ మర్యాదలు చేస్తారు. ఇక నేను చూసేదేముంటుంది? ఫోన్‌లో మనుమరాలికి చెబితే ఒప్పుకుంది.

"సరే తాతా. కాని ఆడ నిన్ను తాతా అనను మరి."

"అనకు."

"సర్ అంట."

"అను. మంచిగనే ఉంటది."

ధోతి, లాల్చీ ఇస్త్రీ చేయించుకున్నాను. మావాడి కూలింగ్ అద్దాలు పెట్టుకున్నాను. సూరత్ నుంచి వచ్చిన బట్టల సేటులా ఉన్నానని అనుకున్నాను. కోడలు మాత్రం కంటి ఆపరేషన్ చేయించుకున్నవాడిలా ఉన్నానంది. వేములవాడలో బస్సు మారాను. బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు, నాకు సీటు లేదు. కొడిమ్యాల దాటేదాకా సూరత్ సేటు పైకడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం చేశాడు.

హోటల్ లోపలికి పోగానే చల్లటి గాలి మొహానికి కొట్టింది. నేల అద్దంలా ఉంది. ఎదురుగా పొడుగాటి బల్ల వెనకాల నా మనుమరాలు నిలబడి ఉంది. నల్ల కోటు, మెడ దగ్గర చిన్న రుమాలు, బిగించి కట్టిన జుట్టు. చిన్నప్పుడు నూలు కండెల బుట్టలో కూర్చుని ఆడుకున్న పిల్ల ఈమేనా అని ఒక్కక్షణం అనుమానమొచ్చింది.

"నమస్కారం సర్. రండి, కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా?"

టీవీలో వార్తలు చదివే ఆమెలా మాట్లాడుతోంది.  సర్ అంటే బాగుంటుందని అనుకున్నాను కానీ, నా ఇంటి పిల్ల నన్ను అలా పరాయివాణ్ణి చేసి పలకరిస్తుంటే నాకేం బాగనిపించలేదు. అయినా నా పని నేను మరిచిపోలేదు. బల్ల మీదికి వంగి, ఆమె చెవికి మాత్రమే వినపడేట్టు గుసగుసగా చెప్పాను.

"బిడ్డా, నేను మీ తాతనన్న ముచ్చట ఎవ్వరికి తెల్వద్దు."

ఆమె ఎందుకో కళ్ళు మూసుకుని తెరిచింది. పక్కనున్న అబ్బాయి కింద ఏదో పడిపోయినట్టు బల్ల వెనక్కి వంగిపోయాడు. చాలాసేపు పైకి లేవలేదు. పాపం, ఏం పోగొట్టుకున్నాడో అనుకున్నాను. ఆధార్ కార్డు అడిగితే ఇచ్చాను. అందులో సిరిసిల్ల అని ఉంది. నేను సూరత్ సేటునన్న ఆలోచన అక్కడితో వదిలేశాను.

గది సంగతి చెప్పాలి. మా సాంచెల షెడ్డంత ఉందని వాడకట్టులో చెప్పాను. అంత లేదు. అందులో సగం ఉంటుందేమో. కిటికీలోంచి చూస్తే గడియారం టవరు, దాని చుట్టూ తిరిగే ఆటోలు, పండ్ల బండ్లు కనపడ్డాయి. పరుపు మీద కూర్చుంటే లోపలికి దిగిపోయాను. లేవడానికి పక్కనున్న బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. గోడకున్న చీలికలో కార్డు పెడితే తప్ప లైటు వెలగదని, ఫ్యాను తిరగదని తెలుసుకునేసరికి, ఫ్యాను పని చేయడం లేదని ఫిర్యాదు చేద్దామని సగం దూరం పోయి వెనక్కి వచ్చాను.

మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను. నిద్ర రాలేదు. తలుపు మూస్తే ఒక్క చప్పుడు లేదు. మాకు సాంచెల మోతలో నిద్రపడుతుంది. మోత ఆగితే మెలకువ వస్తుంది, ఏ దారం తెగిందోనని. ఆ నిశ్శబ్దంలో ఒక్కటే చప్పుడు వినపడింది. టప్. కాసేపటికి మళ్ళీ టప్. చూస్తే ఏసీలోంచి నీళ్ళు చుక్క చుక్కగా నా దిండు మీద పడుతున్నాయి.

మొహం కడుక్కుందామని వేడినీళ్ళ కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి. చన్నీళ్ళ కుళాయి తిప్పితే ఇంకా చన్నీళ్ళు వచ్చాయి.

గదిలో ఉన్న ఫోన్ ఎత్తాను.

"నమస్కారం, రిసెప్షన్. చెప్పండి సర్."

"బిడ్డా, పైనుంచి నీళ్ళు కారుతున్నయ్. పరుపంత తడిసింది." పరుపంతా తడవలేదు. దిండు మాత్రమే.

"క్షమించండి సర్. టెక్నీషియన్‌ను పంపిస్తాను. కొంచెం టైమ్ పడుతుంది."

"నేనే బిడ్డా. తాతను."

"తెలుసు సర్."

ఆ "తెలుసు సర్" విని ఫోన్‌ను కాసేపు చేతిలోనే పట్టుకున్నాను. టెక్నీషియన్ రాలేదు. దిండు తీసి కుర్చీలో పెట్టాను. చుక్కలు పడే చోట చెత్తబుట్ట పెట్టాను. టప్పుమన్నదల్లా టంగుమనసాగింది. మళ్ళీ ఫోన్ చేశాను.

"ఇంకో అర్ర లేదా బిడ్డా? నాకు మార్చరాదు?"

"ఒక్కటే ఖాళీగా ఉంది సర్. అయితే మీకన్నా ముందు ఇంకో గెస్ట్ ఇదే కంప్లయింట్ ఇచ్చారు. అది వారికి ఇవ్వాలి."

"వానికెందుకు? నాకియ్యి. నేనెవరిననుకున్నవ్?"

"గెస్ట్ అనుకున్నాను సర్."

ఫోన్ పెట్టేశాను. నాకు కోపమొచ్చింది. దానికన్నా ఎక్కువ భయమేసింది. రేపు ఇంటికి పోయి ఏం చెప్పాలి? నీళ్ళు కారాయి, వేడినీళ్ళు లేవు, పిలిస్తే మనిషి రాలేదు అని చెబితే, గిదేనా నీ పెద్ద హోటల్ అని మావాడు బండి తీస్తాడు. అంతా బాగుందని చెబితే, బాపు మళ్ళీ మొదలుపెట్టాడని అదే బండి తీస్తాడు. ఎటు పోయినా ఆ పిల్ల ఉద్యోగం పోయేట్టుంది. తడి దిండును కుర్చీలో కూర్చోబెట్టి నేను నిలబడి ఆలోచించాను. ఏమీ తోచక కిందికి దిగాను.

కింద హాల్లో పెద్ద సోఫాలున్నాయి. ఒకదాంట్లో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని మనుమరాలి వైపు చూస్తున్నాను. అప్పుడే లిఫ్టులోంచి ఒక మనిషి దిగాడు. తెల్ల చొక్కా, చేతికి లావాటి బంగారు కడెం, భుజాలు చూస్తే దర్వాజాలో పట్టడు. కాంట్రాక్టరో, కాబోయే లీడరో అయి ఉంటాడు. నాకన్నా ముందు కంప్లయింట్ ఇచ్చిన గెస్ట్ ఈయనే అని బల్ల మీద చెయ్యి కొట్టగానే తెలిసిపోయింది.

"ఇంకెంతసేపు? అర్ర మారుస్త అంటివి గదా!"

"ఆ గది మీకే కేటాయించాను సర్. ఇప్పుడు శుభ్రం చేస్తున్నారు. అది కాగానే నేనే తాళం తెచ్చి ఇస్తాను."

"సాఫ్ గీఫ్ ఏమద్దు. తాళమియ్యి."

"అట్లా ఇవ్వలేను సర్. మీకు ముందున్నవాళ్ళ పక్కబట్టలు ఇంకా మార్చలేదు."

"నీతోని ఏందమ్మా నాకు? మేనేజర్‌ను పిలువు. మొగోన్ని ఎవన్నన్న పిలువు."

"ఇప్పుడు డ్యూటీ మేనేజర్‌ను నేనే సర్."

ఈ మాట నేను మొదటిసారి విన్నాను. మేనేజర్! మాతో జాబ్ అన్నదే కానీ మేనేజర్ అని చెప్పలేదు. నా ఇంటి పిల్ల అయి ఉండి ఉన్నదాన్ని కూడా తగ్గించి చెబుతుందా అని ఆశ్చర్యపోయాను.

ఆ మనిషి నవ్వాడు. "హోటల్ల పని చేసేదానివి, నీకింత పొగరేందే!"

అంతే. వాడకట్టులో మావాడు మింగిన మాటలన్నీ ఒక్కసారి నా గొంతులోకి వచ్చాయి. పేపరు విసిరేసి లేచాను. నేను ఆ మనిషి కాలరు పట్టుకున్నానని, సెక్యూరిటీ వాళ్ళు ముగ్గురు పట్టి ఆపారని కోరుట్లలో మా అల్లుడికి చెప్పాను. కాలరు పట్టుకోలేదు. ఆయన కాలరు నాకు అందదు. వేలెత్తి చూపించాను. గొంతు మాత్రం బాగానే ఎత్తాను.

"ఏయ్! ఎవరిని పట్టుకొని ఏమంటున్నవ్? మర్యాద నేర్వలేదా? మల్ల ఒక్క మాటను, చూస్త!"

ఆయన నా వైపు తిరిగాడు. హాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగారు. ఇక నా మనుమరాలు నా పక్కన నిలబడి, మా తాత వచ్చాడు చూడు అన్నట్టు చూస్తుందనుకున్నాను. ఆమె బల్ల వెనకాల నుంచి బయటికి వచ్చింది. మా ఇద్దరి మధ్య నిలబడింది. నా వైపు తిరిగింది.

"సర్, మీరు కూసోండి."

అంతసేపూ టీవీ భాష మాట్లాడిన పిల్ల ఆ ఒక్క మాట మా ఇంటి భాషలో అంది. గొంతు పెంచలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు.

"అదిగాదు బిడ్డా, వాడు నిన్ను..."

"సర్‌తోని నేను మాట్లాడుతున్న. మీరు కూసోండి."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలియదు. 

తర్వాత ఆమె ఆయన వైపు తిరిగింది. అదే గొంతు, అదే మొహం. "సర్, మీ గదిలో నీళ్ళు కారడం మా తప్పే. దానికి క్షమించమని అడుగుతున్నాను. నన్ను ఏకవచనంతో పిలిస్తే మాత్రం నేను మాట్లాడను. మీరు కూడా కూర్చోండి. చాయ్ పంపిస్తాను."

  హాల్లో అందరూ చూస్తున్నారు. ఆయన చుట్టూ చూస్తే ఖాళీగా ఉన్నది నా సోఫాలో మిగిలిన సగమే. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సోఫా అటువైపు దిగిపోయి నేను కొంచెం పైకి లేచాను.

కాసేపు ఇద్దరం ఎదురుగా ఉన్న పూలకుండీని చూశాం. చాయ్ వచ్చింది. రెండు కప్పులు. ఆయన ఒకటి నా వైపు జరిపాడు.

"మనుమరాలా?" అన్నాడు మెల్లగా.

"కాదు. ఎవరో పిల్ల" అన్నాను.

"గట్లనా? పొద్దుగాల నువ్వొచ్చి, తాతనన్న ముచ్చట ఎవ్వరికి తెల్వద్దంటివి గదా. నేను రెండో అంతస్తుల మెట్ల కాడున్న. నాకు సుత ఇనవడ్డది."

అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల కళ్ళెందుకు మూసుకుందో, పక్కనున్న అబ్బాయి బల్ల కింద ఏం వెతికాడో. సాంచెల మోతలో బతికినవాడి గుసగుస ఇది. మా షెడ్డులో పక్కవాడి చెవిలో చెప్పాలన్నా అరిచే చెబుతాం. నేను జీవితంలో ఒక్కసారి కూడా గుసగుసలాడలేదని, నేను గుసగుస అనుకునేది జగిత్యాలలో పిలుపని, ఆ సోఫాలో కూర్చున్నాక తెలిసింది. మావాడి కూలింగ్ అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

అంటే హోటలంతటికీ నేను ఎవరో తెలుసు. తెలిసి కూడా నా ఏసీ కారింది. తెలిసి కూడా ఆ గది నాకు రాలేదు. ఆమె పక్కనున్న అబ్బాయి, సెక్యూరిటీ, గదులు ఊడ్చేవాళ్ళు అందరూ ఈ రోజంతా ఆ పిల్లనే చూస్తూ ఉండి ఉంటారు, తాతకు ఏం చేస్తుందోనని. ఆమె వరుస తప్పలేదు. నాకు ఉన్నట్టుండి ఛాతీ వెడల్పయింది. పక్కనున్న ఆయనకు కూడా తగిలే ఉంటుంది.

"నా మనుమరాలే" అన్నాను.

"తెలుసు" అన్నాడు. చాయ్ తాగి, "నా నోరే జర ఖరాబ్ పెద్దమనిషీ. పొద్దటి నుంచి పరేషాన్‌లున్న. గా అర్ర నువ్వే తీసుకోరాదు" అన్నాడు.

"అద్దు. వరుస నీది. మా పిల్ల ఒప్పుకోదు."

ఆయనకు తాళం ఇచ్చేటప్పుడు ఆమె "థాంక్యూ సర్" అంది. ఆయన "థాంక్స్ మేడమ్" అన్నాడు. ఆ మేడమ్ అన్న మాట నేను స్పష్టంగా విన్నాను. ఇందులో ఒక్క అక్షరం కలపలేదు.

టెక్నీషియన్ సాయంత్రానికి వచ్చి ఏసీ బాగు చేశాడు. దిండు మార్చారు. వేడినీళ్ళు మర్నాడు పొద్దున కూడా రాలేదు. టిఫిన్ దగ్గర ఇడ్లీ దూదిలా ఉంది కానీ చట్నీలో చక్కెర వేసినట్టున్నారు, మా నోటికి కాదది. గదిలో పెట్టిన చిన్న చిన్న సబ్బులు మా కోడలికి తెచ్చాను. అవి తీసుకుపోవచ్చట. తీసుకుపోవచ్చని తెలిసింది బస్సెక్కాకే. జేబులో వేసుకునేటప్పుడు మాత్రం దొంగలా అటూ ఇటూ చూశాను.

బయల్దేరేటప్పుడు ఆమె బల్ల వెనకాల నుంచి రెండు చేతులూ జోడించి, "మళ్ళీ రండి సర్" అంది. నేను కూడా రెండు చేతులూ జోడించాను. నా ఇంటి పిల్లకు నేను నమస్కారం పెట్టడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక మావాడు సాంచెలు ఆపేశాడు. సర్కారు చీరల ఆర్డరులో కరెంటు పోతే తప్ప మా సాంచెలు ఆగవు. ఒక్కో సాంచె ఆగుతూ ఆగుతూ షెడ్డంతా చప్పబడింది. కోడలు వచ్చి దర్వాజాకు ఆనుకుంది. మావాడు నూలు మూట మీద కూర్చుని, "చెప్పు బాపు" అన్నాడు.

అయింది అయినట్టు చెబుదామనే నోరు తెరిచాను. నోరు దాని అలవాటు ప్రకారం పోయింది.

"ఏం చెప్పాల్రా! కలెక్టర్ ఆఫీస్ దానిముందట ఏం పనికొస్తది? నేను పోంగనే ఎర్ర తివాచీ పరిచిన్రు. నీ బిడ్డ అట్ల నడుస్తుంటే అందరు లేచి సలాం కొడుతున్రు..."

మావాడు నన్ను చూడడం మానేశాడు. చెయ్యి మెల్లగా సాంచె మోటరు స్విచ్ మీదికి పోయింది. కోడలు దర్వాజా దగ్గర నుంచి మొహం తిప్పుకుంది. ఇంకొక్క మాట సాగదీస్తే ఆ పిల్ల కోటు, మెడ దగ్గరి రుమాలు, "డ్యూటీ మేనేజర్‌ను నేనే సర్" అన్న ఆ మాట, అన్నీ నేనే పోగొడతాను. అది నాకు కళ్ళముందు కనపడింది.

"ఆగురా" అన్నాను. "ఏసీ కారింది."

వాడి చెయ్యి ఆగింది.

"దిండు తడిసింది. వేడినీళ్ళు రాలే. ఫోన్ చేస్తే పొద్దూకేదాకా మనిషి రాలే. ఇంకో అర్ర అడిగితే నీ బిడ్డ నాకియ్యలే. వేరేటోడు ముందు అడిగిండట, వానికిచ్చింది."

"నీకియ్యలేదా?" అంది కోడలు.

"ఇయ్యలే. నేను తాతనని చెప్పినంక సుత ఇయ్యలే. అది డ్యూటీ మేనేజరట, మనకు చెప్పనే లేదు. ఒకడు వచ్చి దాన్ని హోటల్ల పని చేసేదానివి అన్నడు."

మావాడు లేచి నిలబడ్డాడు. "ఎవడాడు?"

"నేను సుత గట్లనే లేచిన. వాని మీదికి పోయిన. పోతే నీ బిడ్డ నడుమకు వచ్చి కూసోండి అన్నది."

"ఎవన్ని? వాన్నా?"

"నన్ను."

"నువ్వేం చేసినవ్?"

"కూసున్న."

 మావాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. సంఘం మీటింగుల్లో అధ్యక్షుడు గంట కొట్టి కూర్చోమన్నా కూర్చోని మనిషిని నేను. వాడి పెళ్ళిలో అయ్యగారు మంత్రం ఆపి కూర్చోమంటే కూడా కూర్చోలేదు. ఇది వాడికి తెలుసు.

"నిజంగ కూసున్నవా?"

"రెండుసార్లు చెప్పింది. రెండోసారికి కూసున్న. వాన్ని సుత నా పక్కకే కూసోబెట్టింది. ఇద్దరికి చాయ్ పోయించింది. వాడు పోయేటప్పుడు మేడమ్ అని పోయిండు."

మావాడికి మొదట పెదవులు కదిలాయి. తర్వాత భుజాలు. తర్వాత నూలు మూట మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నమ్మిన బాపు" అన్నాడు చివరికి. "నువ్వు ఓడిపోయిన ముచ్చట నువ్వు కల్పించి చెప్పవు."

అక్కడికక్కడే వాడు బిడ్డకు ఫోన్ చేశాడు. ఆమె సెల్‌కు కాదు, హోటల్ నంబరుకు. "డ్యూటీ మేనేజర్ గారూ, మీ నాయినను మాట్లాడుతున్న, ఉద్యోగం మంచిగ చేసుకో బిడ్డా" అని గట్టిగా చెప్పాడని నేను అందరితో అంటున్నాను. అలా అనలేదు. స్పీకర్‌లోంచి "నమస్కారం, రిసెప్షన్. చెప్పండి సర్" అని వినపడగానే వాడు నూలు మూట మీద నుంచి లేచి నిలబడ్డాడు. సాంచెలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి ఆ మాట షెడ్డంతా వినపడింది. వాడు ఫోన్ తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. కోడలు, "తిన్నవా బిడ్డా?" అంది. అవతలి నుంచి, "అమ్మా, డ్యూటీల ఉన్న. డాడీ ఏమన్నడు?" అని చిన్నగా వినపడింది.

"ఏమనలే. నవ్వుతున్నడు. నువ్వు నీ పని చూసుకో" అంది కోడలు.

నెల అయిపోయింది. ఇంటికి రమ్మన్న మాట మావాడు మళ్ళీ ఎత్తలేదు. మొన్న పొద్దున నూలు కోసం పోయి, వాడి వెనక కొంచెం దూరంలో నడుస్తున్నాను. చాయ్ కొట్టు దగ్గర నిలబడి వాడు నలుగురికి చెబుతుంటే వినపడింది.

"నా బిడ్డ జగిత్యాలల పెద్ద హోటల్ మేనేజర్. అది ఒక్కసారి కూసోండి అన్నదంటే ఎమ్మెల్యే అయినా కూసోవాల్సిందే. మొన్న ఒకాయనను గట్లనే కూసోబెట్టింది."

ఎమ్మెల్యే ఎక్కడి నుంచి వచ్చాడో నాకు తెలియదు. నేను దిద్దలేదు. నాకూ ఒక చాయ్ చెప్పి, వాడి పక్కన నిలబడి తలూపాను.